దమ్మున్న ఇంటి బావి

మా ఆయన పోయిన ఆరు నెలలకు నేను అత్తవారి వైపు ఊళ్ళకు వెళ్ళి వచ్చాను. నరసరావుపేట నుంచి మాచర్ల దాకా, మళ్ళీ వెనక్కి. మ్యాపులో వేలెడంత దూరం. పల్నాడు పేరు చెప్పగానే పాత యుద్ధాలూ కోడిపందేలూ తలుచుకునే మా తెనాలి చుట్టాలు "ఏం చూసొచ్చావు?" అని ఇప్పటికీ అడుగుతున్నారు. ఒక బావిని చూసొచ్చాను. ఒక ముసలాయన పాదాలు చూసొచ్చాను. ఆ రెంటి గురించే ఇది రాస్తున్నాను.

మాది తెనాలి దగ్గర మాగాణి ఊరు. పెళ్ళయ్యాక నేనూ మా ఆయన రత్నంగారూ నరసరావుపేటలో ఒకే బడిలో పాఠాలు చెప్పాం. ఆయన చుట్ట గానీ బీడీ గానీ ముట్టని మనిషి. అయినా నలభై దాటకుండానే నల్లబల్ల మీద ఒక వాక్యం రాసి, రెండోది మొదలుపెట్టే ముందు ఆగేవారు. ఆలోచిస్తున్నారని పిల్లలు అనుకునేవారు. కొన్నేళ్ళకు పాదాలు ఉబ్బాయి. చెప్పుల పట్టీలు కోసి వేసుకునేవారు. తర్వాత చెప్పులే మానేశారు.

మేం చూపించుకున్న డాక్టరు వరంగల్లు వైపు నుంచి వచ్చి నరసరావుపేటలో స్థిరపడ్డ మనిషి. రాష్ట్రాలు కలిశాక అలా కృష్ణ దాటి వచ్చినవాళ్ళు అప్పుడప్పుడు కనిపిస్తున్నారు. మొదటిరోజే ఆయన అడిగాడు.

"మీ ఖాందాన్ల ఇంకెవరికన్న దమ్ము ఉన్నదా?"

మా ఆయన నిటారుగా కూర్చున్నారు. "ఒకరికేంటి సార్, ఇంటిల్లిపాదికీ ఉంది. మా నాన్నా, ఇద్దరు చిన్నాన్నలూ కలిసి నాపరాయి పగలగొట్టి బావి తవ్వారు."

డాక్టరు కళ్ళద్దాలు తీశాడు. "దమ్ముతోనే తవ్విన్రా?"

"దమ్ము లేకుండా తవ్వుతారా సార్?"

డాక్టరు ఆశ్చర్యంగా తల ఊపాడు. పక్కన కూర్చున్న నేను కూడా గర్వంగా తల ఊపాను.

మా ఆయన పోయాక ఒకసారి మా అబ్బాయి విషయం అడగడానికి అదే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. అబ్బాయి పేరు దానియేలు. ఇరవై ఏళ్ళు. మాచర్లలో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, బస్తాలు నింపేచోట పని ఇస్తామన్నారు. నెల మొదట్లో చేరాలి. "పంపొచ్చా డాక్టరుగారూ?" అన్నాను.

"వద్దమ్మా. ఇంటిల్లిపాదికి దమ్మున్న ఖాందాన్ మీది. అంత దమ్ముతోని రాయిల బావెట్ల తవ్విన్రో నాకు ఇప్పటికీ సమజైత లేదు."

అప్పుడు నాకు అర్థమైంది. కృష్ణకు అవతల దమ్ము అంటే ఉబ్బసం, ఆయాసం. పల్నాట్లో మగవాడి ముందు ఆ మాట అంటే అతనికి తట్టేది ధైర్యం ఒక్కటే. ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఒకే మాట అనుకుంటూ, రెండు సంగతులు మాట్లాడుకున్నాం. సమాధి కార్యక్రమం తర్వాత నేను నవ్వింది అదే మొదలు. నవ్వు ఆగేసరికి ఏడుపు వచ్చింది.

ఆ తేడా చెబితే డాక్టరు నవ్వలేదు. "అంటే నాకు ఏం తెల్వదన్నట్టే. మీరే పోయి అడుగున్రి. తాత ఎట్ల పోయిండు, తండ్రి ఎట్ల పోయిండు, చిన్నాయనలు ఎట్లున్నరు. చుట్ట తాగని మనిషికి ఈ వయసుల ఇంత చెడిందంటే, పుట్టుకతోనే రక్తంల ఏదో లోటు వంశం పొంటి వస్తున్నదేమో. బయటి దేశాలల్ల ఇప్పుడిప్పుడే చూస్తున్నరు. అట్ల ఉంటే పొగ, దుమ్ము తగిలినోళ్ళకు తొందరగ ముదురుతది. వంశంల లేకుంటె పిల్లగాన్ని పంపున్రి. ఉంటె మటుకు పంపకున్రి."

ఆ మాటే ఇంటికొచ్చి చెబితే దానియేలుకు కోపం వచ్చింది. "నాన్న జబ్బు నాన్నతో పోయింది. నాకెందుకమ్మా అంటగడతారు?" అన్నాడు. తండ్రి జీతం ఆగిపోయిన ఇంట్లో ఆ పని వాడికి ఎంత అవసరమో నాకూ తెలుసు. అందుకే బడికి సెలవు పెట్టి బయల్దేరాను.

సత్తెనపల్లి దాకా

మా ఆయన మరచెంబు వెంట తీసుకున్నాను. ఇత్తడిది, మూత తిప్పి బిగించేది. ఎక్కడికి వెళ్ళినా ఆయన ఇంటినుంచి నీళ్ళు తీసుకెళ్ళేవారు. పరాయి ఊరి బావి నీళ్ళు తాగేవారు కాదు. మా పుట్టింట్లో పెళ్ళి విందులో కూడా తన మరచెంబు పక్కన పెట్టుకు కూర్చుంటే మా అమ్మ నొచ్చుకుంది. అది ఆయన చాదస్తమని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

మిరప కోతల రోజులవి. బస్సు కిటికీలోంచి ఎటు చూసినా కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన కాయ. ఆ ఘాటుకు బస్సులో సగంమంది తుమ్ముతున్నారు. నాకు తుమ్ములు ఆగకపోతే, పక్కనున్న ముసలామె, "ఏ ఊరమ్మా నీది? పల్నాటి ముక్కు కాదే ఇది!" అంది. తెనాలి వైపని చెప్పాను. "అట్టా చెప్పు. వరన్నం ముక్కు" అని నవ్వింది.

మా వైపు కొత్తవాళ్ళను 'మీరు' అనకుండా పలకరించరు. ఇక్కడ మొదటి మాటే 'నువ్వు'. కాపురానికి వచ్చిన కొత్తలో నాకది కటువుగా ఉండేది. ఇప్పుడు అలవాటైంది. 'నువ్వు' అన్నవాళ్ళే చెయ్యి పట్టుకుని బస్సు దించుతారు.

సత్తెనపల్లి స్టేషను బయట రెండిడ్లీ తిన్నాను. కొట్టతను రెండణాలు అని అడిగి, పన్నెండు పైసలు తీసుకున్నాడు. కొత్త నాణేలు వచ్చి ఏళ్ళయినా నోటికి అణాలే వస్తున్నాయి. చట్నీలో కొబ్బరి లేదు. ఉన్నదంతా పచ్చిమిర్చే.

మాచర్ల బండి

రైలు ఎక్కగానే నావల్ల ఒక పొరపాటు జరిగింది. మరచెంబు మూత మరలు సరిగా కలపలేదు. బెల్లంకొండ దాటాక చూస్తే, కింద కారిన నీళ్ళతో ఎదురు సీటాయన గుడ్డల మూట తడిసింది. ఆయన దర్జీ. మాచర్లలో, సాగర్ డ్యాం పనిలో ఉన్నవాళ్ళకు చొక్కాలు కుట్టి అమ్ముకోవడానికి పోతున్నాడు. నేను కంగారుపడుతుంటే, "ఉతికితే గానీ అమ్మను లేమ్మా, ఒక పని తగ్గించావు" అన్నాడు.

మాట్లాడేటప్పుడు మధ్యమధ్య ఆగుతున్నాడు. ఆ ఆగడం నాకు బాగా తెలుసు. అడగకుండా ఉండలేక, "ఆయాసమా అన్నా?" అన్నాను.

"ఆ. దమ్. చలికాలం వస్తే పట్టుకుంటది."

"దమ్ము అంటే ధైర్యం కాదా?"

"అసలు మాట ఊపిరమ్మా. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూనే గదా. దమ్ అంటే ఊపిరి. మీరు దాన్ని తీస్కపోయి మీసాలు పెట్టారు." చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. ఆయన నవ్వబోయి దగ్గాడు.

డాక్టరుతో జరిగింది ఆయనకు చెప్పాను. పరాయివాడితో ఆ సంగతి ఎందుకు చెప్పానో తెలియదు. ఆయన ఈసారి నవ్వలేదు. "మీ ఆయన అబద్ధం చెప్పలేదు పో" అన్నాడు. నేను దిగేటప్పుడు మూత ఎలా బిగించాలో చూపించాడు.

పిడుగురాళ్ళ

మా మామగారు, ఆయన తమ్ముళ్ళూ పనిచేసిన సున్నపు బట్టీలు చూడాలని పిడుగురాళ్ళలో దిగాను. ఊరు చేరకముందే పొగ కనిపించింది. రోడ్డు తెలుపు, కప్పులు తెలుపు, గేదెల వీపులు తెలుపు. బట్టీలో బొగ్గూ రాయీ పొరలుగా పేర్చి కాలుస్తారు. కింద ఉడికిన సున్నం లాగుతుంటే పైన మళ్ళీ రాయి పోస్తుంటారు. మంట ఆరనివ్వరు.

సున్నం జల్లెడ పడుతున్న ఒకామె ముక్కుకు కొంగు కూడా కట్టుకోలేదు. "దగ్గు రాదా?" అని అడిగాను.

"ఈ పొగకా? ఇది పడితే జలుబు కూడా దగ్గరికి రాదమ్మా. పసిబిడ్డల్ని కూడా ఇక్కడే పడుకోబెడతాం." తర్వాత నా తెల్లచీర చూసి గొంతు తగ్గించింది. "ఎవురు పోయారు?"

"మా ఆయన. వాళ్ళ నాన్న ఇక్కడే పనిచేసేవాడు."

ఆమె జల్లెడ పక్కన పెట్టి, నేను కూర్చోవడానికి రాయి మీద సున్నం తుడిచింది. ఎంత తుడిచినా పోలేదు. నేను అట్లాగే కూర్చున్నాను. గంట సేపట్లో నా గొంతు గరగర మొదలైంది. రత్నంగారి చిన్నతనమంతా ఇక్కడే గడిచిందని అప్పుడు గుర్తుకొచ్చింది. ఊరినుంచి బండిలో అన్నం క్యారేజీ తెచ్చి, తండ్రి పని దిగేదాకా ఇక్కడే చదువుకునేవాణ్ణని చెప్పేవారు.

గురజాల పక్కన

గురజాలలో కోర్టు ఉంది కాబట్టి బండిలో సగంమంది వాయిదాలకు వచ్చేవాళ్ళే. వాళ్ళంతా ఒకవైపు పోతే నేను మా అత్తవారి పల్లె దారి పట్టాను. రత్నంగారి అక్క, మరియమ్మ వదిన, ఎదురొచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది. ఏడుపు అవగానే, "ఏమే సుగుణా, అంత చిక్కిపోయావే! ఏం తింటున్నావు, సుద్దముక్కలా?" అంది.

జొన్న సంగటి, గోంగూర, కాల్చిన ఎండుమిర్చి నూరిన కారం పెట్టింది. మా వైపు జొన్న పేదల తిండి అంటారు. ఇక్కడ అన్నం తిన్నవాడికి బలమేదని అడుగుతారు. ఒకే ముద్ద గురించి డెబ్బై మైళ్ళలో ఇంత తేడా. కారం తగ్గించమంటే వదిన, "తగ్గించాను గదే, నీకోసమని" అంది.

తిన్నాక వచ్చిన పని చెప్పాను. "మనింట్లో ఎవరికైనా ఆయాసం ఉండేదా వదినా? ఉబ్బసం లాంటిది?"

ఆమె ముఖం మారిపోయింది. "ఎవురన్నారే ఆ మాట? మన వంశంలో అట్టాంటిది లేదు. నాపరాయి పగలగొట్టిన మనుషులకు ఆయాసమేంది?"

"మామగారికి?"

"నాన్నకు నీరు దిగి పోయాడు. ఉబ్బసం కాదు."

అంతటితో ఆ దారి మూసుకుపోయింది. దాహమేసి మరచెంబు తీశాను. వదిన నా చేతిలోంచి లాక్కుని నీళ్ళు వాకిట్లో పారబోసింది. "మన బావి పెట్టుకుని ఊళ్ళ నీళ్ళు తాగుతావా? పద."

బావి

బావి పల్లె చివర ఉంది. చుట్టూ గోడ కూడా నాపరాళ్ళే. లోపలికి తొంగి చూశాను. పై నుంచి కింది దాకా పలక మీద పలక, పుస్తకాలు దొంతర పెట్టినట్టు. ప్రతి పలక మీదా సుత్తీ ఉలీ పడిన గుర్తులు. నీళ్ళు ఎక్కడో అడుగున మెరుస్తున్నాయి. అంత లోతు ముగ్గురు మనుషులు చేతులతో తవ్వారంటే కళ్ళతో చూసి కూడా నమ్మడం కష్టం. ఆ ఇంటి కోడలిని కావడం నాకు గొప్పగా అనిపించింది. ఆ మాట రత్నంగారు ఉన్నప్పుడు ఎప్పుడూ అనలేదు.

"ఎందుకు తవ్వారు?" అన్నాను.

"నీకు చెప్పలేదా తమ్ముడు?" వదిన చేద వదులుతూ చెప్పింది. ఊరి బావిలో మావాళ్ళను తోడుకోనిచ్చేవారు కాదు. పల్లెకు ఉన్నది ఒక్కటే పాత బావి. మా మామగారి తండ్రికి కాళ్ళకు నీరు దిగింది. ఆ నీళ్ళే కాళ్ళల్లోకి దిగుతున్నాయని అందరూ అన్నారు. ఆయన పోయాక ముగ్గురు కొడుకులూ ఇక ఆ నీళ్ళు ముట్టమని ఒట్టేసుకున్నారు. పగలు బట్టీలో పనిచేసి, సాయంత్రం బండికి వచ్చాక ఇక్కడ రాయి కొట్టేవారు. రెండు ఎండాకాలాలు పట్టింది. నీళ్ళు పడ్డరోజున పల్లె మొత్తానికీ తోడి పోశారు. అప్పటినుంచి ఇంటి మగపిల్లలు పరాయి బావి నీళ్ళు తాగకూడదని కట్టడి.

నా చేతిలో మరచెంబు బరువెక్కింది.

"బావి తవ్వాక ఎవరికీ నీరు దిగలేదా?"

"నాన్నకూ, పెద్ద చిన్నాన్నకూ దిగింది. పాత నీళ్ళు ఒంట్లో ఉండిపోయినయ్యి గదా."

"నీరు దిగకముందు వాళ్ళకు ఆయాసం ఉందా?"

"లేకుండా ఎట్టా ఉంటది? కాళ్ళల్లో అంత నీళ్ళు మోస్తుంటే ఎవురికైనా ఆయాసమే. ఒక్కోసారి ముందు ఆయాసం, తర్వాత వాపు. ఏదైతేనేం, నీళ్ళవల్లే."

నేను గోడ మీద కూర్చుండిపోయాను. మా ఆయన పాదాలు ఉబ్బినప్పుడు డాక్టరు చెప్పిన మాటలు గుర్తుకొచ్చాయి. ఊపిరితిత్తుల నిండా వెంట్రుకకన్నా సన్నటి రక్తనాళాలు ఉంటాయట. తిత్తులు చెడితే అవి బిగుసుకుపోతాయి. వాటిలోకి రక్తాన్ని తోసి తోసి గుండె కుడివైపు అలిసిపోతుంది. అప్పుడు నీరు పాదాల్లో చేరుతుంది. అంటే ముందు చెడింది ఊపిరి. కాళ్ళు చివర. నేను ఆయాసం గురించి అడిగినంతకాలం ఈ ఇంట్లో జబ్బు లేదు. నీరు గురించి అడగగానే తాత, తండ్రి, చిన్నాన్న వరసగా వచ్చి నిలబడ్డారు. రత్నంగారు నాలుగో మనిషి.

మూడు తరాలు నీటికి భయపడి బతికారు. భయం లేకుండా కూర్చున్నది బట్టీ పొగ పక్కన.

ఈ సంగతి వదినకు చెప్పబోయాను. ఆమె వినలేదు. "నీ డాక్టరు మాట అబద్ధమే. మన ఇశ్రాయేలు చిన్నాన్న లేడా? మిగిలిన ఒక్కడు. ఈ బావి నీళ్ళే ఆయన్ని కాపాడినయ్యి. డెబ్బై దాటినా రాయిలాగున్నాడు."

"ఎక్కడున్నారు?"

"మాచర్లలో, కూతురి దగ్గర. రెండేళ్ళాయె. క్రిస్మస్‌కు కూడా రాలేదు. ఏం కోపమో."

మాచర్ల

రెంటచింతల దాటేసరికి ఇంజను బొగ్గు నలుసు కంట్లో పడింది. ఒక కన్ను మూసుకునే మాచర్లలో దిగాను. స్టేషను బయట సాగర్ డ్యాంకు పోయే లారీలు బారులు తీరాయి. భాష తెలియని కూలీలు, గొడుగు వేసుకున్న ఇంజనీర్లు, ఒక్కో హోటలు ముందు పది సైకిళ్ళు. టీ పదిహేను పైసలు. మా నరసరావుపేట కంటే ఎక్కువ. దేశానికే పెద్ద కట్ట లేస్తోందని, అది తమ ఊరి పక్కనేనని, టీ పోసేవాడు అడగకుండానే చెప్పాడు. దూరంగా సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం కనిపించింది. దానికి దగ్గర్లో ఉన్న చింతచెట్ల ఆకులు బూడిదరంగుగా ఉన్నాయి. దానియేలు చేరాల్సింది అక్కడే.

ఇశ్రాయేలు మామయ్య ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం, అంత ఎండలో, నడుం నుంచి కింది దాకా గొంగళి కప్పుకున్నాడు.

"ఏంది కోడలా! మాగాణి పిల్లకు మెట్ట దారి తెలిసిందే! కన్నేంది, ఎవుర్ని చూసి కొడుతున్నావు?"

కంటి నలుసు తన పంచె కొసతో ఆయనే తీశాడు. రత్నంగారి చిన్నప్పటి సంగతులు తలుచుకున్నాడు. మాట్లాడుతూ ప్రతి నాలుగు మాటలకూ ఒకసారి ఆగాడు. నల్లబల్ల ముందు మా ఆయన ఆగినట్టే.

దానియేలు పని సంగతి, డాక్టరు అడిగింది, అంతా చెప్పాను.

"మనింట్లో జబ్బేంది? దమ్మున్న ఇల్లు మనది."

"ఆ మాటే మామయ్యా కొంప ముంచింది" అని, డాక్టరుకూ రత్నంగారికీ మధ్య జరిగింది చెప్పాను. "దమ్ముతోనే తవ్విన్రా?" అన్నచోట ఆయన పకపక నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. పెదవులు నీలంగా మారాయి. నేను వీపు నిమురుతుంటే గొంగళి జారి కింద పడింది.

పాదాలు చూశాను. చీలమండలు కనిపించడం లేదు. చర్మం సాగి నిగనిగలాడుతోంది. ఈ పాదాలు నాకు తెలుసు. కిందటి ఏడాదంతా రోజూ వీటికే నూనె రాశాను.

ఆయన గొంగళి లాక్కుని కప్పుకున్నాడు. "చూశావా?"

"చూశాను."

"పల్లెలో చెప్పమాక."

"ఎందుకు మామయ్యా? వదిన మీకు కోపమనుకుంటోంది."

ఊపిరి కుదుటపడేదాకా ఆగి చెప్పాడు. "పల్లె పల్లెంతా నా బావి నీళ్ళే తాగుతున్నారు. అన్నలిద్దరూ పోతే, పాత నీళ్ళవల్ల పోయారన్నారు. నన్ను చూపించి ధైర్యం చెప్పుకుంటున్నారు. ఇప్పుడు నాకూ దిగిందని తెలిస్తే ఏమంటారు? ఇశ్రాయేలు బావి కూడా చెడ్డదే అంటారు. దాన్ని పూడుస్తారు. మళ్ళీ ఆడోళ్ళు బిందెలెత్తుకుని వాగుకు పోవాల. అందుకే వచ్చేశా. ఇక్కడే పోతా. కాళ్ళు ఎవురికీ కనపడకుండా పెట్టెలో పెట్టి పంపమని నా కూతురికి చెప్పా."

నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత గర్వం చూడలేదు. తన ప్రాణం గురించి ఆయన ఒక్క మాట అనలేదు.

"అది నీళ్ళవల్ల కాదు మామయ్యా."

"నువ్వు పంతులమ్మవి. ఊరడించే మాటలు చెప్పడం నీ పని."

"ఊపిరితిత్తులు చెడితే వాటి లోపలి నాళాలు బిగుసుకుంటాయి. రక్తం ముందుకు పోదు. గుండె అలిసిపోతుంది. నీరు కిందికి చేరుతుంది. బయటి నీళ్ళతో సంబంధం లేదు."

ఆయన ఆలోచించాడు. "బట్టీ పైన పూడితే, మంట కిందికి తన్నినట్టా?"

"కొంచెం అట్లాంటిదే."

"అన్నలకూ అదేనా? రత్నానికీ?"

"అదే అనుకుంటున్నాను. మీ వంశంలో ఊపిరితిత్తులు పుట్టుకతోనే బలహీనమైనవి అయి ఉండాలి. బట్టీ పొగ ఆ లోటును ముదరబెట్టింది. వదిన మాత్రం బాగానే ఉంది. అందరికీ రావాలని లేదట."

చాలాసేపు ఫ్యాక్టరీ గొట్టం వైపు చూశాడు. "అయితే నా బావి మంచిదే" అన్నాడు. నాతో కాదు, తనలో తాను. ఇంకొకసారి అన్నాడు. తర్వాత గొంగళి మడిచాడు. "పద, నీ డాక్టరు దగ్గరికి. నీ కొడుకు కోసం కాళ్ళు చూపిస్తా. బావి మాట ఆయన నోటితో వింటా."

తిరుగు బండి

ఆయన్ని రైలెక్కించడానికి ఇద్దరు కూలీలు సాయపడ్డారు. మెతుకు నోట్లో పెట్టుకోలేదు గానీ దారంతా హుషారుగా ఉన్నాడు. గురజాల స్టేషను రాబోతుండగా మాత్రం గొంగళి తల మీదుగా కప్పుకుని పడుకున్నాడు. మా పల్లెవాడొకడు ప్లాట్‌ఫారం మీద వేరుశనక్కాయలు అమ్ముతున్నాడు. నన్ను గుర్తుపట్టి, "ఎవురక్కా ఆ పెద్దాయన?" అన్నాడు.

"తెలిసినాయన. ఒంట్లో బాగాలేదు" అన్నాను.

బండి కదిలాక గొంగళిలోంచి గొంతు వినిపించింది. "కాయలు కొన్నావా, లేదా?"

నరసరావుపేట

డాక్టరు చాలాసేపు ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు. తర్వాత పాదం మీద బొటనవేలితో నొక్కాడు. వేలు తీసినా గుంట అలాగే నిలిచింది. దానియేలు గోడకు ఆనుకుని నిలబడి ఆ గుంటనే చూస్తున్నాడు. అది నిండేదాకా చూశాడు.

"డాక్టరుగారూ, ముందు ఒక్కటి చెప్పండి. ఇది నీళ్ళవల్ల కాదు గదా?" అని మామయ్య అడిగాడు.

"కాదు తాతా."

"ఇంకోసారి చెప్పండి."

"నీళ్ళవల్ల కాదు. ఊపిరితిత్తులు. నీళ్ళు మంచిగ తాగు. ఏ బావైన మంచిదే."

"ఏ బావైనా కాదు. నా బావి" అన్నాడు మామయ్య.

నేను విన్నదంతా చెప్పాను. మామయ్యతో కలిపి ఐదుగురు మనుషులు, మూడు తరాలు, ఒకే తీరు. డాక్టరు చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "నేను ఒట్టు పెట్టి చెప్పలేనమ్మా. బట్టీ ఒక్కటే చేసిందా, రక్తంల లోటుందా, రెండూ కలిసినయా, తేల్చే పరీక్ష నా దగ్గర లేదు. కాని ఈ పిల్లగాడు నా కొడుకైతే దుమ్ములకు పంపను."

నేను దానియేలు వైపు చూశాను. వాడు నాతో వాదిస్తాడనుకున్నాను. వాడు ముసలాయన పాదాలకు గొంగళి కప్పబోతే, ఆయన వద్దన్నాడు.

"తాత ఇంతదూరం వచ్చి కాళ్ళు చూపించాక ఇంక నేనేం మాట్లాడనమ్మా" అన్నాడు దానియేలు. ఆ నెల వాడు చేరలేదు. ఏడాది తిప్పలు పడ్డాం. ఇప్పుడు ట్రైనింగు ముగించి, వాళ్ళ నాన్న లాగే బడిలో పాఠాలు చెబుతున్నాడు. సుద్దపొడి కూడా దుమ్మే గదా అని నేను అంటే తడిగుడ్డతో బల్ల తుడుస్తాడు.

ఇశ్రాయేలు మామయ్య మాచర్ల పోలేదు. టిక్కెట్టు గురజాలకే తీయించుకున్నాడు. ఆ తర్వాత జరిగింది మరియమ్మ వదిన మా ఇంటికి వచ్చినప్పుడు చెప్పింది. మామయ్య చేతికిచ్చి పంపిన మా మరచెంబును ఆ బావి నీళ్ళతో నింపి తెచ్చి, నా చేతికిచ్చి, కూర్చున్నాకే మొదలుపెట్టింది.

ఆయన స్టేషను నుంచి బండి కట్టించుకుని నేరుగా బావి దగ్గరికే పోయాడట. సాయంత్రం, ఆడవాళ్ళందరూ బిందెలతో ఉన్న వేళ. పంచె మోకాళ్ళదాకా ఎగ్గట్టి, గోడ మీద కూర్చుని, రెండు కాళ్ళూ అందరికీ కనపడేలా ముందుకు చాపాడట. ఎవరూ చేద వెయ్యలేదు. అందరూ ఆ పాదాలే చూస్తున్నారు. చివరికి ఒకామె, "ఏంది తాతా ఆ కాళ్ళు?" అందట.

"ఇది మా ఇంటి దమ్మే. నీళ్ళది కాదు" అన్నాడట మామయ్య. "చూస్తావేందే? తోడు."